వరద పోయింది, చెమ్మ ఉండిపోయింది: గోడకు పట్టిన బూజు ఇంట్లోవాళ్ల ఊపిరిని ఏం చేస్తుంది? ఎవరిని అడగాలి?

వాన తెరిపిచ్చి పది రోజులైంది. వీధిలో నీళ్లు లేవు. ఇంట్లో బురద ఎత్తిపోసి కడిగేశారు. ఏదో వస్తువు కోసం బీరువా కాస్త ముందుకు జరిపితే, వెనక గోడ మీద నల్లటి చుక్కలు. ముట్టుకుంటే వేలికి పొడిలా అంటుకుంటాయి. అదే వారంలో పిల్లాడికి రాత్రిపూట దగ్గు మొదలైంది. పెద్దావిడకు ఆయాసం ఎక్కువైంది. వాటికీ ఆ గోడకీ సంబంధం ఉందా?

ఉండే అవకాశం బాగా ఉంది. కానీ ఆస్పత్రికి వెళ్తే గోడ గురించి ఎవరూ అడగరు. వరద నష్టం రాసుకోవడానికి వచ్చిన ఉద్యోగి దగ్గు గురించి అడగరు. నెల్లూరు తీరంలో ఈ సమస్య ఏటా ఈ రెండు శాఖల మధ్య సందులోంచి జారిపోతోంది.

ఇక్కడ వాన లెక్క మిగతా రాష్ట్రం లెక్క లాంటిది కాదు. చాలా జిల్లాలకు నైరుతి రుతుపవనాలే ఆధారం. నెల్లూరుకు మాత్రం ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. అంటే గోడలు తడిసేది సరిగ్గా ఎండ బలం తగ్గి, పొద్దు తొందరగా గుంకే రోజుల్లో. జులైలో తడిసిన గోడకు ఆరడానికి మధ్యమధ్యలో ఎండ కాస్తుంది. నవంబరు చివర్లో తడిసిన గోడకు ఎదురుగా ఉండేది మంచు, ముసురు. సంక్రాంతి దాటితే గానీ దానికి ఊపిరాడదు.

2021 నవంబరు గుర్తుంది కదా. 19న ఎగువన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీటిని పెన్నాలోకి వదలాల్సి వచ్చింది. నెల్లూరులో భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం, పొర్లుకట్ట ప్రాంతాలు మునిగాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటే ముందు మన తీరం వెంబడే సాగింది. 2025 అక్టోబరు 28న మొంథా తీరం దాటింది నరసాపురం వైపే అయినా, నెల్లూరు జిల్లాను కూడా వాన ముంచెత్తింది. ప్రతిసారీ వార్తల్లో కనిపించేవి తెగిన రోడ్లు, మునిగిన పొలాలు. ఆ తర్వాతి నెలలో ఇళ్ల లోపల జరిగేది కనిపించదు.

బూజా, చవుడా? ముందు తేల్చుకోండి

తెలుగులో ఇదో చిక్కు. పైకప్పు మూలల్లో సాలెగూడును బూజు అంటాం, పచ్చడి మీద తేలేదాన్నీ బూజే అంటాం. ఇక్కడ మాట్లాడుతున్నది రెండో రకం గురించి. అది ఫంగస్, ప్రాణమున్న జీవి. దాని బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, ఏ ఇల్లూ దీనికి మినహాయింపు కాదు. వాటికి తిండి కష్టమేమీ కాదు: పెయింటు, చెక్క, అట్టపెట్టె, తోలు చెప్పు, పరుపులో దూది, ఏదైనా సరే. కావలసిందల్లా తడి. వస్తువు తడిసిన 24 నుంచి 48 గంటల్లోనే పెరగడం మొదలుపెట్టగలదు.

తీరం వెంబడి ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు, అల్లూరు మండలాల్లో మరొకటి కూడా కనిపిస్తుంది. గోడ అడుగున రెండు మూడడుగుల దాకా తెల్లటి పొడి తేలి, సిమెంటు పొలుసులుగా రాలుతుంది. అది బూజు కాదు, చవుడు. ఉప్పునేల నుంచి నీరు గోడలోకి పైకి పాకి, ఆరిపోతూ ఉప్పును బయట వదిలేస్తుంది. దానిమీద కాసిని నీళ్లు చల్లండి. కరిగిపోతే ఉప్పు. కరగకుండా చెదిరి, ముక్క వాసన వస్తే బూజు. ఉప్పు వల్ల నేరుగా జబ్బు రాదు. కానీ చవుడు తేలిన గోడ అంటే ఏడాది పొడవునా తడిగా ఉండే గోడ. కొన్నాళ్లకు అక్కడికి బూజు కూడా చేరుతుంది.

తడి ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవడానికి ఖర్చులేని పద్ధతి ఒకటుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథిన్ కవరు ముక్కను గోడకు నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించండి. ఒకటి రెండు రోజులు వదిలేయండి. కవరుకు గోడవైపు నీటి చుక్కలు ఉంటే తడి గోడ లోపలి నుంచి వస్తోంది. గదివైపు చెమ్మ ఉంటే అది గదిలో గాలిది. వంట ఆవిరి, ఇంట్లోనే ఆరేసిన బట్టలు, మూసి ఉంచిన కిటికీలు దానికి కారణం. మొదటిదానికి మేస్త్రీ కావాలి. రెండోదానికి ఫ్యాను, కిటికీ చాలు.

ఒంటికి ఏం జరుగుతుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇంటి చెమ్మ, బూజుల మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో నివసించేవాళ్లకు శ్వాస సమస్యలు, ఉబ్బసం ముప్పు ఎక్కువని అందులో చెప్పింది. ఎంత బూజు దాకా ఫర్వాలేదు అనే హద్దు మాత్రం ఇవ్వలేదు, ఇవ్వడానికి తగిన ఆధారం లేదంది. అందుకని దాని సలహా ఒక్కటే: చెమ్మ చేరనివ్వకండి, చేరితే తీసేయండి. అంతకు రెండేళ్ల ముందు అమెరికా పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి లెక్కవేస్తే, చెమ్మ ఇళ్లలో శ్వాస, ఉబ్బసం సమస్యలు సుమారు 30 నుంచి 50 శాతం ఎక్కువగా కనిపించాయి.

ఇంట్లో నలుగురుంటే నలుగురికీ ఒకేలా జరగదు. ఒకరికి ఏమీ కాదు. ఒకరికి పొద్దున లేవగానే తుమ్ములు, ముక్కు దిబ్బడ, కళ్ల దురద. ఉబ్బసం ఉన్నవాళ్లకు పిల్లికూతలు, రాత్రి మెలకువ వచ్చేంత దగ్గు. పసిపిల్లలు, ముసలివాళ్లు ఎక్కువసేపు ఇంట్లోనే ఉంటారు కాబట్టి వాళ్లకు మోతాదు ఎక్కువ. నేల మీద చాప వేసుకుని గోడవారన పడుకునే వాళ్లకు ఇంకా ఎక్కువ. ఈ మాట ఎందుకంటే, చాలా ఇళ్లలో మంచం ఇంటాయనకు, నేల నాయనమ్మకూ మనవళ్లకూ.

ఒక గుర్తు మాత్రం బాగా పనికొస్తుంది. ఇంట్లో ఉంటే వచ్చే దగ్గు, నాలుగు రోజులు వేరే ఊరు వెళ్తే తగ్గి, తిరిగి రాగానే మళ్లీ మొదలవుతోందా? అయితే గోడలు వెతకండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు గోడ ఫొటో తీసి ఫోనులో పట్టుకెళ్లండి. ఓపీలో మీకు దొరికే ఐదు నిమిషాల్లో ఆ ఫొటో చెప్పినంత మీ మాట చెప్పలేదు.

కరోనా రెండో వేవ్‌లో విన్న ‘బ్లాక్ ఫంగస్’ ఇదేనా అని చాలామంది భయపడతారు. కాదు. 2021 మేలో రాష్ట్ర ప్రభుత్వం ఆరోగ్యశ్రీలో చేర్చిన ఆ జబ్బు మ్యూకర్‌మైకోసిస్. దాని ఫంగస్ నిజానికి నల్లగా ఉండదు, అది చంపేసిన కండ నల్లబడుతుంది. అదుపులో లేని షుగరు, ఎక్కువ రోజులు వాడిన స్టెరాయిడ్ ఉన్నవాళ్లకు వచ్చింది. గోడ మీది నలుపు చూసి ఆ భయం అక్కర్లేదు. ఆ మాటకొస్తే బూజు రంగును బట్టి ప్రమాదం చెప్పలేం. నల్లదైనా, ఆకుపచ్చదైనా, తెల్లదైనా తీసేయాల్సిందే. అలాగే జ్ఞాపకశక్తి పోతుంది, బుద్ధి మందగిస్తుంది అంటూ తిరిగే వీడియోలకు తగిన రుజువు లేదు. రుజువున్నది ఊపిరికి సంబంధించిన బాధల మీదే, అది చాలు జాగ్రత్త పడటానికి.

అయితే ఒక వర్గం విషయంలో నిజంగా భయపడాలి. గతంలో టీబీ వచ్చి తగ్గినవాళ్లు. టీబీ మానినా కొందరి ఊపిరితిత్తుల్లో ఖాళీ గుంతలు మిగులుతాయి. ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ ఆ గుంతల్లో గూడు కట్టుకోగలదు. తగ్గని దగ్గు, బరువు తగ్గడం, కళ్లెలో నెత్తురు. అన్నీ టీబీ లక్షణాలే కాబట్టి మళ్లీ టీబీ అనుకుని అవే మందులు మొదలుపెట్టే ప్రమాదం ఉంది. కళ్లె పరీక్షలో టీబీ లేదని వచ్చాక కూడా లక్షణాలు పోకపోతే, ఫంగస్ కోసం రక్త పరీక్ష, స్కానింగ్ అవసరమా అని ఊపిరితిత్తుల డాక్టరును అడగండి. అలాగే కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు బూజు శుభ్రం చేస్తున్న గదిలోకి కూడా రాకూడదు.

ప్రభుత్వ లెక్కలో ఈ గోడ ఎక్కడుంది?

సూటిగా చెప్పాలంటే ఎక్కడా లేదు.

జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో నెల్లూరు పేరుంది. అంటే ఊళ్లో రోడ్డు మీది దుమ్మును కొలిచి, తగ్గించాల్సిన నగరాల్లో ఇదొకటి. దేశంలో గాలి నాణ్యతకు 2009లో పెట్టిన ప్రమాణాలు 12 కాలుష్యాల గురించి చెబుతాయి. అవన్నీ బయటి గాలికే. మీరు రాత్రంతా పీల్చే పడకగది గాలికి అలాంటి ప్రమాణం లేదు, కొలిచే యంత్రాంగమూ లేదు.

వరద తర్వాత వచ్చే వైద్య శిబిరం చూసేది డయేరియా, మలేరియా, డెంగీ. అది తప్పు కాదు, వెంటనే ప్రాణం తీసేవి అవే. క్లోరిన్ బిళ్లలు ఇస్తారు, కాలువల్లో బ్లీచింగ్ చల్లుతారు. రెండు వారాల తర్వాత శిబిరం ఎత్తేస్తారు. బూజు వల్ల దగ్గు గట్టిగా మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. మీరు పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్తే అది శ్వాస ఇన్‌ఫెక్షన్ల లెక్కలో ఒక అంకె అవుతుంది. ఎలాంటి ఇంట్లో ఉంటున్నారన్నది ఆ లెక్కలోకి రాదు.

ఇక నష్టపరిహారం. విపత్తు సహాయ నిధి నుంచి సాయానికి కేంద్రం 2022-26కు పెట్టిన నిబంధనలు చూడండి. మైదాన ప్రాంతంలో పక్కా ఇల్లు పూర్తిగా దెబ్బతింటే 1,20,000 రూపాయలు. పాక్షికంగా అయితే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. కానీ పాక్షికం అనిపించుకోవాలంటే నష్టం కనీసం 15 శాతం ఉండాలి. గుడిసెకు 8,000. ఇల్లు కొట్టుకుపోయినా, రెండు రోజులకు మించి తీవ్రంగా మునిగినా బట్టలకు 2,500, వంటపాత్రలకు 2,500. ఈ పట్టికలో పడిపోయిన గోడకు వెల ఉంది. నిలబడి, తడిసి, మూడు నెలలు జబ్బు పంచే గోడకు లేదు.

దీనికి భిన్నంగా జరిగింది 2024 సెప్టెంబరులో, విజయవాడలో. బుడమేరు వరద తర్వాత రాష్ట్ర ప్రభుత్వం గోడ కూలిందా లేదా అని చూడకుండా, నీళ్లు వచ్చిన కింది అంతస్తు ఇంటికి 25,000, పై అంతస్తులకు 10,000 ప్రకటించింది. ఫైరింజన్లతో ఇళ్లు కడిగించింది. మునిగిన ఇల్లు దెబ్బతిన్న ఇల్లేనని ఒప్పుకోవడం అది. జాబితాల్లో పేర్లు లేవని గొడవలు జరిగిన మాట నిజమే, అయినా ఆ కొలమానం సరైనది. అది రాజధాని పక్కనున్న నగరానికి ఒకసారి ఇచ్చిన వరంగా కాకుండా తీర జిల్లాలన్నిటికీ నిబంధనగా ఉండాలని అడగడం న్యాయం.

బూజును ప్రభుత్వాలు పట్టించుకునేదాకా తేవచ్చని ఇంగ్లండ్ చూపించింది, చాలా పెద్ద మూల్యం చెల్లించి. రోచ్‌డేల్ పట్టణంలో సామాజిక గృహ సంస్థ అద్దెకిచ్చిన ఫ్లాటులో ఉన్న ఆవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల పిల్లాడు 2020 డిసెంబరులో చనిపోయాడు. ఇంట్లో బూజు ఉందని తండ్రి 2017 నుంచీ మొరపెట్టుకున్నాడు. పైన పెయింటు వేసుకోమన్నారు. ఆ బూజును ఎక్కువకాలం పీల్చడం వల్లే శ్వాస సమస్య వచ్చి పిల్లాడు పోయాడని 2022 నవంబరులో విచారణాధికారి తేల్చారు. అతని పేరుతో వచ్చిన చట్టం 2025 అక్టోబరు 27 నుంచి అక్కడి సామాజిక గృహాలకు అమల్లోకి వచ్చింది. ప్రాణాపాయం ఉంటే 24 గంటల్లో బాగుచేయాలి. గట్టి చెమ్మ, బూజు ఫిర్యాదైతే పది పనిదినాల్లో వచ్చి చూడాలి. మన దగ్గర ప్రభుత్వ కాలనీ ఇంటిని లబ్ధిదారుకు రాసిచ్చేస్తారు, కాబట్టి తర్వాత గోడ ఏమైనా ఆ బాధ లబ్ధిదారుదే.

మరి మీరేం చేయాలి?

ముందు ఆరబెట్టడం, తర్వాత తుడవడం, ఆ తర్వాతే రంగు. ఈ వరుస తిరగబడితే డబ్బు దండగ. మనవాళ్లు సంక్రాంతికి వెల్ల వేసే అలవాటులో ఒక తెలివి ఉండేది. సున్నానికి క్షారగుణం ఎక్కువ, కొత్తగా వేసినప్పుడు బూజును ఎదగనివ్వదు. గోడలోని తడిని కూడా బయటికి పోనిస్తుంది. ఇప్పుడు సున్నం స్థానంలో పుట్టీ, ప్లాస్టిక్ రంగు వచ్చాయి. పండక్కి ఇల్లు మెరవాలని సగం ఆరిన గోడకు ఆ రంగు వేస్తే తడి లోపలే చిక్కుకుంటుంది. మార్చికల్లా బుడగలు లేచి ఊడిపోతుంది. ఈ ఏడాది పండక్కి వదిలేయండి. గోడకు, డాబాకు చేయాల్సిన వాటర్‌ప్రూఫింగ్ పని ఏప్రిల్, మే ఎండల్లో పెట్టుకోండి.

వాన రోజుల్లో కిటికీలు తెరిస్తే ఆరుతుందనుకోవడం సగమే నిజం. ముసురు పట్టినప్పుడు బయటి గాలిలోనే తేమ ఎక్కువ. ఎండ వచ్చిన నాలుగు గంటలు, పదింటి నుంచి రెండింటి దాకా, తలుపులు బార్లా తీసి ఫ్యాన్లు పెట్టండి. ఏసీ ఉంటే డ్రై మోడ్‌లో నడపండి. బీరువా, మంచం గోడకు ఆనించకుండా జానెడు ఎడం ఉంచండి. వరద నీళ్లలో నానిన దూది పరుపులు, దిండ్లు ఎంత ఎండబెట్టినా లోపల ఆరవు. పారేయడం కష్టమే, కానీ పారేయండి.

మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు లోపు మచ్చలైతే మీరే శుభ్రం చేసుకోవచ్చు. అంతకు మించితే, లేదా మురుగునీరు వచ్చిన ఇల్లయితే మనుషుల్ని పెట్టుకోవడం మంచిది. వాళ్లకైనా మాస్కు ఇవ్వండి. కరోనా నాటి ఎన్95 మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, ముందు గోడను తడి చేసి, సర్ఫు నీళ్లతో రుద్దండి. పొడి చీపురుతో దులపొద్దు, బీజాలు ఇల్లంతా లేస్తాయి. పంచాయతీ వాళ్లిచ్చిన బ్లీచింగ్ పొడిని బాత్‌రూం యాసిడ్‌తో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపొద్దు. విషవాయువు వస్తుంది. బూజు ఏ రకమో టెస్టు చేస్తామని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి. రకం తెలిసినా చేయాల్సిన పని మారదు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ కూడా మామూలుగా ఆ పరీక్ష అక్కర్లేదనే చెబుతుంది.

అద్దె ఇల్లయితే? 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం గోడల కట్టుబడి మరమ్మతులు, వెల్ల వేయించడం యజమాని పనులని చెబుతోంది. రాష్ట్రం చట్టంగా చేసుకుంటే తప్ప అది నేరుగా వర్తించదు, కాబట్టి ఆ మాటను అగ్రిమెంటులోనే రాయించుకోండి. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు ఒక్క మూలకే కొత్త రంగు ఉంటే ఎందుకని అడగండి. అల్మరా తలుపు తీసి వాసన చూడండి.

ఇల్లు మునిగితే, కడగకముందే నీటి గీత కనిపించేలా ప్రతి గదిలో ఫొటోలు తీయండి. తేదీ తెలియాలి. నీళ్లు రెండు రోజులు దాటి నిలిచాయని చూపించగలిగితేనే బట్టలు, పాత్రల సాయానికి మీ పేరు నిలుస్తుంది. ఎన్యుమరేషన్ జాబితాను వార్డు సచివాలయంలో చూపించమని అడగండి. పేరు లేకపోతే అక్కడే రాతపూర్వకంగా ఇవ్వండి, తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి. వీధి కాలువ పొంగి గోడ నానుతుంటే అది వార్డు సచివాలయంలో వసతుల కార్యదర్శికి చెప్పాల్సిన విషయం. ఇంట్లో దగ్గు, ఆయాసం ఉంటే ఆరోగ్య కార్యదర్శికి, అంటే ఏఎన్‌ఎంకు. తగ్గకపోతే ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో ఊపిరితిత్తుల విభాగానికి. ఏ అర్జీ ఇచ్చినా రసీదు నంబరు లేకుండా బయటికి రాకండి. అర్జీలో గోడ, జబ్బు రెండూ ఒకే కాగితం మీద రాయండి. ఓపీ చీటీ నకలు దానికి జతచేయండి.